4060 కోసం వచ్చి 3050 చూసి అవాక్కయిన తండ్రీ కొడుకులు: ఒక పెళ్ళి వీడియోల ఇంటి లాప్‌టాప్ కేసు

ఈ కేసు 2024 మే నాటిది. నాది ఖమ్మంలో చిన్న లాప్‌టాప్ సర్వీస్ షాపు. కొత్తవి అమ్మను, రిపేర్లు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అప్‌గ్రేడ్లు, నీళ్ళు పడ్డవి, కింద పడ్డవి, ఇదే పని. అయినా వారానికి ఇద్దరు ముగ్గురు "అన్నా ఏది కొనమంటావ్" అని ఫోన్‌లో రెండు స్క్రీన్‌షాట్లు పట్టుకుని వస్తారు, నేను ఒకదాని మీద వేలు పెడతా, వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ రోజూ అంతే అయిపోయేది గానీ వచ్చిన పెద్దాయన ఒక మాట అన్నాడు, అక్కడ ఆగిపోయా.

సత్తుపల్లి వైపు నుంచి వచ్చారు తండ్రీ కొడుకులు. ఆయనకి ఫోటో స్టూడియో, పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. కొడుకు బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు, ఆండ్రాయిడ్ స్టూడియో, స్ప్రింగ్ బూట్, డాకర్ లాంటి కోడింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తున్నాయి, సెలవుల్లో ఇంటికొస్తే నాన్న తీసిన పెళ్ళిళ్ళకి మిక్సింగ్, అంటే వీడియో ఎడిటింగ్, చేసేది కూడా వాడే, రాత్రి పది దాటితే వాలరెంట్, లేదా జీటీఏ ఫైవ్ ఆటలు. ఒకే మిషన్, మూడు పనులు. ఆ ఏడు మే, జూన్ మూఢం కదా, ముహూర్తాల్లేవు, అందుకే ఆయనకి తీరిక దొరికింది, శ్రావణం పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు కొత్తది ఇంట్లో ఉండాలని తొందర. బడ్జెట్ లక్ష. "పైన ఒక్క రూపాయి దాటినా మీ వదినకి నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు నవ్వుతూ.

కుర్రాడు అప్పటికే ఫిక్స్ అయిపోయాడు. రైజెన్ 7 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్ కార్డు, 16 జీబీ ర్యామ్, సేల్‌లో 98 వేలు. తప్పుబట్టడానికేం లేదు, ఆ రేటుకి అది మంచి బేరమే. సరే తీసుకోండి అనబోతుంటే పెద్దాయన అన్నాడు, "రెండేళ్ళ కింద కూడా గ్రాఫిక్ కార్డు ఉన్నదే కొన్నాం తమ్ముడూ, దాంట్లో గేము ఆడుతోంది, పెళ్ళి మాత్రం ఆడట్లేదు."

సంచిలోంచి ఆ పాతది తీశారు. రైజెన్ 5, జీటీఎక్స్ 1650, 8 జీబీ. పెద్ద మిషన్ కాదు గానీ మరీ తీసిపారేసేది కూడా కాదు. ఎప్పట్నుంచి ఇలా అని అడిగితే కొడుకు "మొదట్నుంచీ స్లోనే అన్నా" అంటాడు, తండ్రి "లేదు లేదు, పోయిన దసరా దాకా బానే ఉంది" అంటాడు. దసరాకి ఏం జరిగింది? కొత్త కెమెరా కొన్నారు. సోనీ ఏ7 ఫోర్. అక్కడ నాకు సగం అర్థమైంది.

లాప్‌టాప్ సలహా అడిగితే అందరం ప్రాసెసర్ ఏంటి, కార్డు ఏంటి అని మొదలెడతాం. నేనైతే ఈమధ్య మీ పని ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెండి అంటున్నా. వీళ్ళ దగ్గర అదృష్టం కొద్దీ హార్డ్ డిస్క్ ఉంది. ఒక క్లిప్ తీసి మీడియాఇన్ఫోలో తెరిచా, అది ఫ్రీ సాఫ్ట్‌వేరే, వీడియో ఫైలు జాతకం మొత్తం చెప్తుంది. హెచ్ఈవీసీ (వీడియోని కుదించి దాచే పద్ధతి), 4కే, 50 ఫ్రేమ్స్, 10 బిట్, 4:2:2, 200 ఎంబీపీఎస్. పాత కెమెరా క్లిప్ కూడా తెరిచా, అది హెచ్264 అనే పాత పద్ధతి, 8 బిట్, 4:2:0.

ఈ 4:2:2 దగ్గరే మొత్తం కథ ఉంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. వీడియోలో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు సమాచారం మాత్రం పొదుపుగా దాస్తారు. 4:2:0 లో నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక రంగు, 4:2:2 లో రెండు పిక్సెల్స్‌కి ఒకటి. రంగు ఎక్కువ నిలబడుతుంది, గ్రేడింగ్‌కి, అంటే తర్వాత రంగులు సరిదిద్దడానికి, బాగుంటుంది, కెమెరా కంపెనీలు అందుకే ఇస్తాయి. చిక్కేంటంటే ఈ ఫైలుని విప్పి చూపించే డీకోడర్ చిప్‌లోనే ఉండాలి. లేకపోతే ఆ మోత అంతా సీపీయూ ఒక్కటే మోస్తుంది. ఎన్విడియా 40 సీరీస్ వరకు దేంట్లోనూ 4:2:2 డీకోడ్ లేదు, 1650 లో లేదు, 4060 లో లేదు, లక్షలు పోసి 4090 లాప్‌టాప్ కొన్నా లేదు. అప్పటి రైజెన్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లోనూ లేదు. ఉన్నది ఎక్కడయ్యా అంటే ఎవరూ పట్టించుకోని ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో. 11వ తరం, ఆ తర్వాతి వాటిలో క్విక్ సింక్ అనే డీకోడర్ ఈ హెచ్ఈవీసీ 10 బిట్ 4:2:2 ని సునాయాసంగా విప్పుతుంది.

నోటితో చెప్తే కుర్రాడు నమ్మేలా లేడు, యూట్యూబ్‌లో నలభై రివ్యూలు చూసొచ్చినవాడు. షాపులో ఆ రోజు ఫ్యాన్ సౌండ్ అని వచ్చిన రైజెన్ 7 - 4060 మిషన్ ఒకటి, కీబోర్డు మార్చిన ఇంటెల్ ఐ5-12450హెచ్ - 3050 ఒకటి రెడీగా ఉన్నాయి. ఓనర్లిద్దరికీ ఫోన్ చేసి అడిగా, సరే అన్నారు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కుర్రాడి లాగిన్‌తో వేసి, తలంబ్రాల క్లిప్ ఒకటి టైమ్‌లైన్ మీద పెట్టాం, పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచా.

4060 మిషన్‌లో ప్లే నొక్కగానే బియ్యం గాల్లో ఆగి ఆగి పడుతున్నాయి. పెళ్ళికూతురు చెయ్యి ఎత్తింది, తర్వాత కనిపించేసరికి దించేసింది, మధ్యలో ఏం జరిగిందో లేదు. సీపీయూ 90 పైన, ఎన్విడియా కార్డు దగ్గర వీడియో డీకోడ్ గ్రాఫు నేల మీద గీత గీసినట్టు సున్నా. అదే క్లిప్ 3050 మిషన్‌లో, దీని రేటు దాంట్లో సగం ఉంటుంది, బియ్యం జలజలా రాలాయి. సీపీయూ ముప్పై దాటలేదు, జీపీయూ 0 అని ఉన్న ఇంటెల్ దగ్గర డీకోడ్ గ్రాఫు కొండెక్కింది. కుర్రాడు రెండు మూడుసార్లు వెనక్కి ముందుకి లాగి చూశాడు, ఏమీ అనలేదు. తండ్రి మాత్రం "ఎడియస్‌లో ఎడిటింగ్ చేసే రోజుల్లో మా గురువు ఇంటెల్ ఇంటెల్ అని కొట్టుకునేవాడు, ఇందుకా" అన్నాడు.

కొనకుండా సరిపెట్టుకునే దారి కూడా చెప్పా, అది చెప్పకపోతే తప్పవుతుంది. ప్రాక్సీలు చేసుకోవచ్చు, అంటే ప్రతి క్లిప్‌కి చిన్న సైజు నకలు తయారుచేసి దాంతో కట్ చేసి, చివర్లో అసలుదానితో ఎక్స్‌పోర్ట్. పాత మిషన్ మీద కుర్రాడు అదీ చేశాడట, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున టిఫిన్ టైముకి కూడా ఒక పెళ్ళి అవ్వలేదట. పెళ్ళి అయిన మూడో రోజుకల్లా ప్రోమో కావాలనే పార్టీలతో అది కుదరదు.

అలా ఇంటెల్ అని తేలింది. ఇక కోడింగ్ సంగతి. దీనికి గ్రాఫిక్ కార్డుతో పని లేదు, ర్యామే ప్రాణం. కుర్రాడి పాతదాంట్లో ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్), క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరవమన్నా, ఎమ్యులేటర్ లోగో దగ్గరే నేను టీ తాగి వచ్చా. డాకర్ వాడేవాళ్ళకి ఇంకో సంగతి, విండోస్‌లో డాకర్‌ని నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లైనక్స్) ఊరికే వదిలేస్తే మొత్తం ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు, టాస్క్ మేనేజర్‌లో వీఎమ్‌మెమ్ అని కూర్చుంటుంది. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైలులో మెమరీకి హద్దు రాసుకోవచ్చు, చాలామందికి తెలీదు. 16 జీబీ కోడింగ్‌కి సరిపోతుంది, కానీ పొద్దున కోడింగ్, మధ్యాహ్నం 4కే మిక్సింగ్ అంటే, ఏదీ మూయకుండా రెండూ తెరిచే ఉంచే అలవాటు వీడిది, 32 ఉండాలి. అందుకని నా షరతు ఒక్కటే, ర్యామ్ బోర్డుకి అతికించింది వద్దు, రెండు స్లాట్లు ఉండాలి. 16 ఒకటే స్టిక్‌తో వస్తే ఇంకో 16 వేస్తే డ్యూయల్ చానల్, అంటే రెండు స్టిక్కులూ కలిసి పనిచేయడం, కూడా అవుతుంది, గేమ్‌లోనూ తేడా కనిపిస్తుంది. అప్పట్లో డీడీఆర్5 16 జీబీ నాలుగున్నర వేలకి వేశా. ఇప్పుడు ఆ రేటు అడక్కండి, ఏడుపొస్తుంది.

స్టోరేజ్ లెక్క ఆయనతోనే కట్టించా. 200 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 25 ఎంబీ, గంటకి 90 జీబీ. ఒక పెళ్ళిలో మెయిన్ కెమెరా మూడు గంటలు తిరిగితే 270 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీలో విండోస్, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే, జీటీఏ పోగా మిగిలేది ఒక పెళ్ళికీ చాలదు. కాబట్టి రెండో ఎం.2 స్లాటు, అంటే ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు, తప్పనిసరి, అందులో 1 టీబీ.

స్క్రీన్ దగ్గర మాత్రం కాస్త గొడవైంది. కుర్రాడికి ఆటలు సాఫీగా కనిపించే 144 హెర్ట్జ్ చాలు, ఇంకేం అక్కర్లేదు. నేను వాళ్ళ పాత పెళ్ళి వీడియో ఒకటి వాళ్ళ లాప్‌టాప్‌లో, అదే వీడియో పెద్దాయన ఫోన్‌లో పక్కపక్కన పెట్టా. లాప్‌టాప్‌లో పసుపు పట్టుచీర సరిగ్గా ఉంది, ఫోన్‌లో ట్రాఫిక్ పోలీసు జాకెట్‌లా వెలుగుతోంది, పెళ్ళికూతురి నుదుటి మీద కుంకుమ అయితే చుట్టూ పాకినట్టుంది, పంతులు గారి మొహం టమాటా. కారణం ఆ ప్యానెల్, అంటే తెర, 45% ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత ఒకటి) రకం. అది రంగుల్ని పూర్తిగా చూపించదు, వీడు చాలట్లేదని సాచురేషన్ పెంచుకుంటూ పోతాడు, పార్టీ ఎమోలెడ్ ఫోన్‌లో చూసి "మా అమ్మాయిని ఎందుకిలా ఎర్రగా చేశారు" అంటుంది. పెద్దాయన వెంటనే అందుకున్నాడు, నిజంగానే అలా అన్న పార్టీ ఉందట, బ్యాలెన్స్ డబ్బులు కూడా ఆపారట. ఇన్నాళ్ళూ ఆయన తప్పు కెమెరాదనుకున్నాడు, వైట్ బ్యాలెన్స్ మార్చి మార్చి చూశాడు. 100% ఎస్ఆర్‌జీబీ ప్యానెల్, అంటే మామూలు వీడియో రంగులన్నీ చూపించేది, ఉండాల్సిందే అని రాసిచ్చా. చిక్కేంటంటే ఒకే పేరుతో ఒకే మోడల్‌లో రెండు రకాల ప్యానెళ్ళు వస్తాయి, డబ్బా మీది పొడుగాటి కోడ్ చివరి అక్షరాలు చూస్తే గానీ తెలీదు.

ఇక గ్రాఫిక్ కార్డు. 4060 వదులుకోవడం కుర్రాడికి బాధగానే ఉంది, ముఖం చూస్తే తెలుస్తోంది. వాడికి ఇంకోటి చూపించా, పేరు ఒకటే అయినా కార్డు ఒకటే కాదు. ఆర్‌టీఎక్స్ 4050 లాప్‌టాప్ కార్డుని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కంపెనీ ఇష్టం ఎంతైనా పెట్టుకోవచ్చు, పల్చటి లాప్‌టాప్‌లో తక్కువ వాట్ల 4060 కంటే బాగా గాలాడే బాడీలో నిండు వాట్ల 4050 చాలాసార్లు నయం. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని అంకె ఉంటుంది, కొనేముందు అడగాల్సింది అది. మెమరీ 4050 కి 6 జీబీ, 4060 కి 8 జీబీ. కొత్త పెద్ద గేములు హై టెక్స్చర్స్‌తో ఆడేవాడైనా, బ్లెండర్ చేసేవాడైనా, ఇంట్లోనే ఏఐ మోడళ్ళు నడుపుతానన్నా నేను 8 జీబీ వైపే తోస్తా. వీడు ఆడేది వాలరెంట్, అది ఎక్కువగా సీపీయూ మీద నడిచే ఆట, జీటీఏ ఫైవ్ 2015 నాటి పీసీ గేము. ఆ తేడా డబ్బుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ వస్తాయి అని లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకున్నాడు, మనస్ఫూర్తిగా కాదు.

చివరికి రాసిచ్చింది ఇది: ఐ7-13620హెచ్, అంటే ఆరు పెద్ద కోర్లు నాలుగు చిన్నవి, 4050 నూరు వాట్లకి తగ్గకుండా, 16 జీబీ ఒకే స్టిక్, రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు, 100% ఎస్ఆర్‌జీబీ. 84 వేలకి దొరుకుతుందని చూసి పెట్టా.

కొనడానికి కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీ వైపు వెళ్ళారు. ఒక షాపులో సరిగ్గా అదే మోడల్ పేరు, చెప్పిన రేటుకి రెండు వేలు తక్కువ. నేను ముందే చెప్పి ఉంచా, సీలు తీయక ముందు డబ్బా పక్కనుండే స్టిక్కర్ ఫోటో వాట్సాప్ చేయండి అని. ఫోటో వచ్చింది, చూస్తే ర్యామ్ 8 జీబీ, కోడ్ వెతికితే ప్యానెల్ 45%. షాపతన్ని అడిగితే "సేమ్ మోడలే సార్, చూడండి పేరు సేమ్ ఉంది కదా" అన్నాడట. అతను కావాలని చేశాడో తెలియక చేశాడో ఆ గొడవ మనకెందుకు, సీలు తీసి ఉంటే వెనక్కి తీసుకునేవాడు కాదు, అంతే. ఇంకో రెండు గంటలు తిరిగితే అసలుది దొరికింది, 85 వేలు, బిల్లుతో.

ఖమ్మం తెచ్చాక ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేసి, షాపులో ఏసీ ఆపేసి టెస్ట్ పెట్టా. నవ్వకండి. రివ్యూలన్నీ ఏసీ గదిలో చేస్తారు, ఈ మిషన్ బతకాల్సింది బయట నలభై దాటే ఎండలో, ఫ్యాన్ కింద స్టూడియో మేడ గదిలో. అరగంట ఎక్స్‌పోర్ట్ పెట్టి చూస్తే సీపీయూ 95 డిగ్రీల దగ్గర ఊగింది, స్పీడు కొంచెం తగ్గించుకుంది, కానీ ఎక్స్‌పోర్ట్ ఆగలేదు. వెనక రెండు అంగుళాలు ఎత్తిపెడితే ఆరేడు డిగ్రీలు దిగింది. కూలింగ్ ప్యాడ్ అక్కర్లేదు, రెండు ఆల్బమ్ అట్టలు పెట్టుకోండి చాలు అన్నా. మంచం మీద దుప్పటి పైన పెట్టి ఆడితే మాత్రం వారంటీ ఉన్నా నా దగ్గరికి రావద్దని కుర్రాడికి విడిగా చెప్పా. బ్యాటరీ గురించి ఆశ పెట్టుకోవద్దనీ చెప్పా, ఇలాంటి వాటిలో మిక్సింగ్ చేస్తే గంటన్నర, పైగా ప్లగ్ తీస్తే కార్డు వాట్లు పడిపోతాయి, కరెంటు పోతే ఫైలు సేవ్ చేసుకోవడానికి, అంతే.

మొత్తం ఖర్చు 85 వేలు, ర్యామ్ నాలుగున్నర, ఎస్‌ఎస్‌డీ ఆరు. తొంభై ఐదున్నర. వదిన గారికి నేను సమాధానం చెప్పుకోవాల్సిన పని పడలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. శ్రావణంలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, మళ్ళీ మొదలైంది, బియ్యం ఆగి ఆగి పడుతున్నాయి." ఎనీడెస్క్‌తో ఇక్కణ్ణుంచే వాడి లాప్‌టాప్‌లోకి ఎక్కి చూశా. డ్రైవర్ సరిగ్గానే ఉంది, ప్రీమియర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ టిక్ ఉంది, వేడి లేదు. పావుగంట తిరిగాక గానీ కళ్ళకి కనపడలేదు, టాస్క్ మేనేజర్‌లో జీపీయూ ఒక్కటే ఉంది. ఎన్విడియా. ఇంటెల్ మాయం.

ఏమైందంటే ఫ్రెండ్ ఎవడో చెప్పాడట, గేమింగ్ సాఫ్ట్‌వేర్‌లో హైబ్రిడ్ (రెండు గ్రాఫిక్సూ) తీసేసి డిస్క్రీట్ మోడ్ (ఎన్విడియా ఒక్కటే) పెట్టుకో, ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది అని. అది నిజమే. మక్స్ స్విచ్ ఉన్న మిషన్లలో అలా పెడితే స్క్రీన్ నేరుగా ఎన్విడియాకి తగులుకుంటుంది, గేమ్ స్పీడు పెరుగుతుంది. కానీ ఈ మోడల్‌లో అలా పెట్టగానే ఇంటెల్ గ్రాఫిక్స్ పూర్తిగా ఆఫ్, దాంతో పాటే క్విక్ సింక్ కూడా, మనం దేనికోసమైతే ఇంత వెతికామో అదే. హైబ్రిడ్ పెట్టి రీస్టార్ట్ చేయించా, బియ్యం జలజలా. ఇది వాడి తప్పు కాదు, నాది. గేములు ఆడతాడని తెలిసి, ఈ స్విచ్ ఉందని తెలిసి చెప్పలేదు. అప్పట్నుంచి ఇలాంటి మిషన్ ఇచ్చేటప్పుడు కీబోర్డు పక్కన చిన్న స్టిక్కర్ అంటిస్తున్నా, "ఆటకి డిస్క్రీట్, పెళ్ళికి హైబ్రిడ్" అని. డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్ళకీ ఇదే ప్రమాదం, రెండు వేలు తక్కువని ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ తీసుకుంటారు, దాంట్లో లోపలి గ్రాఫిక్సే ఉండవు.

2025 లో వచ్చిన ఎన్విడియా 50 సీరీస్‌లో 4:2:2 డీకోడ్ కార్డులోకే వచ్చేసింది, కాబట్టి ఇవాళ ఇదే ఇల్లు నా దగ్గరికి వస్తే రైజెన్ అయినా ఇంటెల్ అయినా 50 సీరీస్ కార్డు ఉంటే చాలంటా, ఈ స్విచ్ తలనొప్పి కూడా ఉండదు. 40 సీరీస్ స్టాక్ తగ్గింపు రేటుకి కొనేవాళ్ళకి మాత్రం పైన రాసిందంతా ఇప్పటికీ వర్తిస్తుంది.

ఒక్కటి మాత్రం తెగలేదు. పెద్ద పెళ్ళిళ్ళకి పెద్దాయన రెండో కెమెరామన్‌ని పిలుస్తాడు, ఆయనదీ సోనీయే, కానీ కెమెరాలో ఎక్స్‌ఏవీసీ హెచ్ఎస్ అనే రికార్డింగ్ ఫార్మాట్ బదులు ఎక్స్‌ఏవీసీ ఎస్ పెట్టి 10 బిట్ 4:2:2 తీస్తాడు. అది హెచ్ఈవీసీ కాదు, హెచ్264, ఆ రకానికి ఈ మిషన్‌లోని క్విక్ సింక్ కూడా చేతులెత్తేస్తుంది. మెనూలో ఒక్క సెట్టింగ్ మార్చుకోమని నేనూ ఫోన్‌లో చెప్పి చూశా, "పదేళ్ళ నుంచి నా సెట్టింగ్ నాది, నీ లాప్‌టాప్ కోసం నేను మార్చాలా" అన్నాడు. ఆయన మెమరీ కార్డులోని క్లిప్‌లకి మాత్రం ఇప్పటికీ రాత్రి ప్రాక్సీలు పెట్టి పడుకుంటున్నారు. పొద్దున లేచేసరికి అయిపోతున్నాయట.